పిల్లికి గుడి పెట్టలేదు

"ఇది చెల్లదు," అన్నారు మా అత్తగారు.

"ఎందుకు చెల్లదు? నిక్షేపంగా చెల్లుతుంది," అన్నారు మా ఆయన.

గుండీల డబ్బాలోంచి తీసిన నాలుగు చీటీలూ భోజనాల బల్ల మీద వరసగా పరిచి ఉన్నాయి. ఆదివారం పొద్దున తొమ్మిది దాటింది. పోసిన టీలు పోసినట్టే చల్లారిపోయాయి. తల్లీకొడుకులు చెరోవైపూ కూచుని నాలుగో చీటీ మీద చెరో వేలూ ఆనించి, ఎవరు ముందు తీస్తే వాళ్ళు ఓడినట్టు చూసుకుంటున్నారు.

ఇంట్లోకి పిల్లిని తేవాలా, కుక్కని తేవాలా అని ఓట్లు పెట్టింది ఆయనే. పేరు రాయక్కర్లేదు, రహస్యం అన్నారు. మొదటి చీటీలో 'పిల్లి' అని ఉంది. లిఫ్టుల్లో 'బరువు మించరాదు' అని అంటించే అక్షరాల్లాగా లావుగా, నిటారుగా ఉంది. మా ఆయన పని లిఫ్టులు బాగుచెయ్యడం. ఇంక రహస్యమేముంది? రెండో చీటీలో 'కుక్క' అని వంకర వంకరగా ఉంది. అది అత్తగారిది. మూడోది ఖాళీ. నాలుగోదే గొడవ.

"మళ్ళీ చదవరా," అన్నారు అత్తగారు.

"కుక్క పిల్ల వద్దు."

"అంటే?"

"అంటే ఏముందమ్మా, కుక్క వద్దని. కుక్క వద్దంటే మిగిలింది పిల్లి. పిల్లికి రెండు ఓట్లు, కుక్కకి ఒకటి. అయిపోయింది. లేవండి."

"ఎక్కడికి లేచేది? మీ లిఫ్టుల్లో కూడా ఇదే వరసా? మూడో అంతస్తు వద్దన్నవాణ్ణి ఐదో అంతస్తులో దింపేస్తావా? కుక్కపిల్ల వద్దంది. కుక్క వద్దనలేదు. పిల్లయితే ఇల్లంతా తడిపి పెడుతుంది, చెప్పులు కొరుకుతుంది. అందుకని బుద్ధి తెలిసిన పెద్ద కుక్కే కావాలంది. ఎవరు రాశారో గానీ ముందుచూపు ఉన్న మనిషి."

"ఎవరు రాశారో తెలీదు కదా, రహస్య ఓటు," అంటూ ఆయన నావైపు తిరిగారు. అత్తగారూ తిరిగారు.

తెలియకపోవడానికేముంది? చీటీ నేను బట్టలు కత్తిరించే ముందు కొలతలకి వాడే గోధుమరంగు కాగితం. రాసింది నా నీలం పెన్సిలుతో. నేను కిటికీ దగ్గర మిషను ముందు కూచుని, సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తున్నాను. దారం మూడుసార్లు తప్పింది.

నేను రాయాలనుకున్నది వేరు. కుక్కా వద్దు, పిల్లీ వద్దు, రెండూ వద్దు అని. ఐదో తరగతితో చదువు ఆగిన దాన్ని. కామాలు నాకు అలవాటు లేదు, గుళ్ళు సగం మర్చిపోతాను. పిల్లికి చివర గుడి పెట్టలేదు. పిల్లి కాస్తా పిల్లయి కూచుంది.

రెండూ ఎందుకు వద్దంటే, నాకు భయం గనక. పిల్లి అయితే రెండో అంతస్తు బాల్కనీ మీంచి పడిపోతుంది. కింద రాలిన గుండుసూది మింగుతుంది. కుక్క అయితే కరుస్తుంది. కరిస్తే బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు. ఇప్పుడు చేతికే వేస్తారే అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నాకు బొడ్డే గుర్తొస్తుంది. లిఫ్టు మెకానిక్కి పెళ్ళామై ఉండి ఇన్నేళ్ళలో ఒక్కసారీ లిఫ్టెక్కని దాన్ని. నా సంగతి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కానీ ఆ పొద్దున నా ప్రాణం పీకుతున్నది నాలుగో చీటీ కాదు. మూడోది, ఆ ఖాళీది.

అది మా అమ్మాయిది. పుట్టినప్పట్నించీ వాగుతూనే ఉండేదని వాళ్ళ నాన్న పిచ్చుక అని పిలుస్తారు. ఏడో తరగతి. ఏడాదిగా ఏదో ఒకటి పెంచుకుందామని అడుగుతూనే ఉంది. కిందటి వారం స్కూల్లో ఈత నేర్పిస్తారంటే, పంపమని అడిగింది. వద్దన్నాను. సైకిలు వద్దన్నట్టే, స్నేహితురాలి ఇంట్లో పడుకోవడం వద్దన్నట్టే. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "సరేలేమ్మా, ఇంక నిన్నేమీ అడగను," అంది. కోపంగా అన్నా బాగుండేది. లెక్క తేలాక పలక తుడిచినట్టు అంది.

అప్పట్నించి తొమ్మిది రోజులు. నవ్వుతుంది, కబుర్లు చెప్తుంది, చెప్పిన పని చేస్తుంది. అడగడం మాత్రం లేదు. ఇంకొంచెం వడ్డించమని అడగదు. జడ వెయ్యమని అడగదు, తనే వంకర జడ వేసుకుంటోంది. పెన్సిలు ముక్కు విరిగితే గోడకేసి అరగదీసుకుంటోంది గానీ నా బ్లేడు అడగదు. ఈ ఓట్ల వ్యవహారం కూడా దాన్ని మళ్ళీ అడిగించడానికే ఆయన పెట్టారు. అది చీటీ ఖాళీగా మడిచి వేసింది. నేనేమో చెయ్యి అలవాటుకొద్దీ 'వద్దు' అని రాసి వేశాను.

పిచ్చుక బాల్కనీలో బట్టలు ఆరేసి తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"రావే, నువ్వే తీర్పు చెప్పు. దీని అర్థం ఏంటి?" అన్నారు అత్తగారు.

"నాకేం తెలుస్తుంది నానమ్మా," అంటూనే వంగి చూసింది. చూసి, నా మిషను మీంచి నీలం పెన్సిలు తీసుకుంది. వాళ్ళిద్దరి వేళ్ళ మధ్యనే 'ల్ల' మీద ఒక గుడి పెట్టింది. మధ్యలో కామా కూడా పెట్టింది.

"కుక్క, పిల్లి వద్దు," అని చదివింది. "రెండూ వద్దని. అమ్మ గుళ్ళు మర్చిపోతుంది నాన్నా. నా డైరీలో కూడా 'అమ్మాయికి జ్వరం' అని రాయమంటే 'అమ్మాయిక జ్వరం' అని రాసింది. అమ్మ రాత నాకు తెలుసు."

పెన్సిలు ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. వంటగదిలోకి వెళ్ళి, చల్లారిన టీలు గిన్నెలో పోసి వెచ్చబెడుతోంది.

ఆయన వేలు చీటీ మీంచి తీసేశారు. అత్తగారు కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచారు. తుడిచిందే తుడిచారు.

"నిజమేనా?" అన్నారు ఆయన నెమ్మదిగా.

ఔననేసి ఉంటే అయిపోయేది. కానీ వంటగదిలో గరిటె చప్పుడు ఆగింది. అది వింటోంది. దానికి ఆశ్చర్యం లేదు, ఆశ లేదు. నా నోట్లోంచి ఏమొస్తుందో ముందే తెలిసిన మనిషిలా వింటోంది. ఇది ఇలాగే పెద్దదై, ఏం కావాలో నాకు చెప్పకుండా, ఏం కష్టమొచ్చిందో నాకు చెప్పకుండా... అక్కడితో ఆపాను.

"ఆ గుడి కొట్టెయ్," అన్నాను.

"ఏంటి?" అన్నారు ఆయన.

"ఏమే పిచ్చుకా, ఇలా రా. నేను పెట్టని గుడి నువ్వెందుకు పెట్టావు? చెరిపెయ్."

పిచ్చుక గరిటెతోనే వచ్చింది. "నీలం పెన్సిలు చెరగదమ్మా."

"చెరక్కపోతే కొట్టెయ్. ఆ కామా కూడా. నేను రాయాలనుకున్నదే రాశాను. అక్షరం పొల్లుపోలేదు."

"నిజంగానా?"

"ఐదో తరగతి చదివినంత మాత్రాన పిల్లికీ పిల్లకీ తేడా తెలీదా నాకు?"

ఆయన నా మొహంలోకి చూశారు. పద్నాలుగేళ్ళ కాపురం. అబద్ధమని తెలిసిపోయింది. మూతి బిగించి నవ్వు ఆపుకున్నారు. "అయితే మరి అర్థం చెప్పు. పిల్లి కావాలనా? పెద్ద కుక్క కావాలనా?" అన్నారు.

అమ్మ బాబోయ్. అంతదాకా ఆలోచించలేదు నేను.

"పిల్లేనోయ్. తింటుంది, పడుకుంటుంది. దాని పని అది చూసుకుంటుంది. నువ్వు కుట్టుకుంటుంటే పక్కన కూచుంటుంది," అన్నారు ఆయన.

"పక్కన ఎందుకు, కుట్టే గుడ్డ మీదే కూచుంటుంది," అన్నారు అత్తగారు నావైపు తిరిగి. "అమ్మాయ్, వాడి మాట వినకు. కుక్క అయితే పిలిస్తే పలుకుతుంది. ఈ ఇంట్లో పిలిస్తే పలికేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. నేను నిన్న మంచినీళ్ళకి వాణ్ణి నాలుగుసార్లు పిలిచాను."

"టీవీలో ఆట వస్తోందమ్మా!"

"కుక్క ఆట చూడదు."

"చూడకుండా ఎలా చెప్పను? చూసి చెప్తాను," అని సూది పక్కన పెట్టేశాను. ఒక పూట గడువు దొరుకుతుందనుకున్నాను. ఆయన అప్పుడే చొక్కా వేసుకుంటున్నారు.

పశువుల డాక్టరుగారి ఆసుపత్రి మా ఇంటికి రెండు వీధుల అవతల. ఎవరో వదిలేసిన ఒక పిల్లీ, ఒక కుక్కా అక్కడ ఉన్నాయనీ, కావలసినవాళ్ళు తీసుకెళ్ళచ్చనీ ఆయనకి ఎప్పట్నించో తెలుసు. అక్కడి లిఫ్టు బాగుచేసింది ఆయనే. వాళ్ళు ముగ్గురూ లిఫ్టులో దిగారు. నేను మెట్లు దిగాను. దిగేసరికి వాళ్ళు గేటు దగ్గర నాకోసం కాచుకుని ఉన్నారు, ఎప్పట్లాగే.

ఫినాయిలు వాసన. గోడవారన పొడుగాటి బెంచీ. బల్ల వెనకాల కాంపౌండరు, నెరిసిన మీసాల పెద్దాయన, రిజిస్టరులో ఏదో రాసుకుందామని చూస్తున్నాడు. రాయలేకపోతున్నాడు. దాని మీద పిల్లి పడుకుని ఉంది. తెల్లటి ఒళ్ళు, నల్లటి తోక.

"దీన్ని మేం దొరసాని అంటామమ్మా. లెమ్మంటే లేవదు. ఈ పేజీ నిన్నట్నించీ ఖాళీ," అన్నాడు.

"చూశావా ఎంత బుద్ధిగా ఉందో!" అన్నారు మా ఆయన.

దొరసాని ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసింది. లేచి ఒళ్ళు విరుచుకుంది. కాంపౌండరు కలాన్ని నెమ్మదిగా బల్ల అంచుదాకా తోసి, నావైపు చూస్తూ కిందికి నెట్టింది. తరవాత ఒక్క గెంతు. బీరువా మీద ఉంది.

"పడుతుంది! పడుతుంది! ఏవండీ, పట్టుకోండి!" అని అరిచేశాను.

"పడదమ్మా. రోజూ ఎక్కుతుంది," అన్నాడు కాంపౌండరు.

అది బీరువా అంచు మీద నడుస్తోంది. ఒక కాలు గాల్లో, మూడు కాళ్ళు అంచు మీద. కిందికి దూకింది. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ ఎక్కింది.

"రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతుంది?" అన్నాను.

"లెక్కేం ఉందమ్మా. ఒకోసారి అలా కిటికీ చువ్వల్లోంచి బయటికి వెళ్ళి, గోడ మీద తిరిగి వస్తుంది. సరదా దానికి."

సరదా. మా బాల్కనీ కళ్ళముందు మెదిలింది. ఇది ఇంట్లో ఉంటే నేనింక ఒక్క గుండీ కాజా కూడా కుట్టను. దాని వెనకాల దుప్పటి పట్టుకుని తిరుగుతూ ఉంటాను.

"కుక్క ఏదయ్యా?" అన్నారు అత్తగారు ఉత్సాహంగా.

"బెంచీ కింద ఉంది. పెద్దమనిషీ, రా, చుట్టాలొచ్చారు."

బెంచీ కింద చీకట్లో రెండు కళ్ళు. అంతే. రాలేదు. నేను మర్యాదగా నాలుగడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నాను. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో ఎవరో స్టీలు పళ్ళెం కింద పడేశారు. ఖణేలుమంది. బెంచీ కిందనుంచి గోధుమరంగు మూట ఒకటి దొర్లుకుంటూ వచ్చి, నా కాళ్ళకీ గోడకీ మధ్య ఉన్న సందులో దూరిపోయింది.

నేను కదల్లేదు. కదిలితే కరుస్తుంది కదా. అదీ కదల్లేదు. నా మడమలకి దాని పొట్ట ఆని ఉంది. వణుకుతోంది. ఆ వణుకు దానిదో నాదో కాసేపు తెలీలేదు.

"నాకు కుక్కలంటే భయమని దానికి చెప్పండి," అన్నాను, పెదాలు కదపకుండా.

"దానికి మనుషులంటే భయమని అదీ చెప్తోందమ్మా," అన్నాడు కాంపౌండరు. "దీనికి అన్నీ భయమే. నాలుగేళ్ళ కుక్క, ఇంత ఆకారం. గొడుగంటే భయం. ప్లాస్టిక్ సంచీ చప్పుడంటే భయం. ఫ్యాను వేస్తే లేచి అవతల గదిలోకి పోతుంది."

"లిఫ్టో?" అన్నారు మా ఆయన, గొంతులో నవ్వు దాచుకుని.

"లిఫ్టు అసలు ఎక్కదు సార్. మెట్లే."

అత్తగారు బెంచీ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. "ఒరేయ్, ఇంక నీ పిల్లి ఓటు వెనక్కి తీసుకోరా. మెట్ల మీద దీనికి తోడు దొరికింది."

"ఇంట్లో ఒకరు చాలరా అమ్మా?" అన్నారు ఆయన. అన్నారే గానీ, పిల్లిని తలుచుకోవడం అప్పుడే మానేశారు. దొరసాని ఆయన జేబులోంచి స్క్రూడ్రైవరు లాగి కింద పడేసింది మరి.

నేను మెల్లిగా వంగాను. ఎందుకు వంగానో నాకు తెలీదు. మిషను మీద చెయ్యి వేసి చక్రం ఆపినట్టు దాని నడుం మీద చెయ్యి వేశాను. వణుకు కాస్త తగ్గింది. అది తల తిప్పి నా చెయ్యి వాసన చూసింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కరవలేదు. ముక్కు చల్లగా ఉంది.

"ఇదే," అన్నాను. "పెద్ద కుక్క. నేను రాసింది అదే."

"చెప్పలా!" అన్నారు అత్తగారు, కొడుకు వీపు మీద ఒక్కటి చరిచి.

పిచ్చుక గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని. వచ్చినప్పట్నించీ పిల్లిని ముట్టుకోలేదు, కుక్కని పిలవలేదు. ఇప్పుడు కూడా కుక్కని చూడటం లేదు. నన్ను చూస్తోంది. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూస్తోంది.

కాంపౌండరు మెడపట్టీ తెచ్చి కుక్కకి కట్టాడు. తాడు కొస నా చేతికి ఇచ్చాడు. "ఒక్క మాటమ్మా. దీన్ని ఇంట్లో కూచోబెడితే భయం ఇంకా ముదురుతుంది. పొద్దునా సాయంత్రం బయట తిప్పాలి. ఎండయినా వానయినా. రోజుకొకరు కాదు, ఒక్క మనిషే తిప్పాలి. అదే దారి. నెల తిరిగేసరికి మీరే చూస్తారు, గొడుగు పక్కనుంచి కూడా నడిచి వెళ్తుంది. మరి ఎవరు తిప్పుతారు?"

నేను ఆయనవైపు చూశాను. "ఆరింటికల్లా నేను పనిలోకి పోవాలి కదా," అన్నారు ఆయన. అత్తగారు మోకాళ్ళు నిమురుకున్నారు. నేను తాడు వైపు చూసుకున్నాను. వీధిలో ఇంకో కుక్క ఎదురైతే మేమిద్దరం కలిసి ఏ షాపులోకో దూరిపోవడం ఖాయం. నెల కాదు, ఏడాదైనా మా ఇద్దరికీ భయం పోదు.

చేతిలో తాడు లాగినట్టయింది. కుక్క నా కాళ్ళ సందులోంచి బయటికి వచ్చి, నేల వాసన చూసుకుంటూ, ఆగుతూ, గుమ్మందాకా నడిచింది. వెళ్ళి పిచ్చుక పాదాల మీద కూచుంది.

పిచ్చుక చేతులు ముందుకొచ్చాయి. కానీ దాని తల నిమరలేదు. "అమ్మా," అంది.

"ఏమ్మా?"

"ఒకటి అడగనా?"

తొమ్మిది రోజులు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కాలరు సర్దుకున్నారు. "అడగవే తల్లీ, అడుగు! ఏం కావాలన్నా అడుగు," అన్నాను.

"దీన్ని రోజూ నేను తిప్పనా? రేపు పొద్దున్నించే. పెద్ద రోడ్డు దాటి పార్కుదాకా వెళ్ళి వస్తాం. మేమిద్దరమే. నువ్వు వెనకాల రాకూడదు. బాల్కనీలోంచి పిలవకూడదు."

పెద్ద రోడ్డు. లారీలు తిరిగే రోడ్డు. సిగ్నలు ఎర్రదీపం పడినా ఆగని మోటారు సైకిళ్ళ రోడ్డు. నేను పట్టపగలు దాటాలన్నా, పక్కన దాటేవాళ్ళు ఇంకో నలుగురు పోగయ్యేదాకా నిలబడే రోడ్డు.

ఆయన వంగి చెప్పుల పట్టీ సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆయన వేసుకున్నవి పట్టీ లేని చెప్పులు. అత్తగారు ఏదో అనబోయి దగ్గారు. కాంపౌండరు కలం వెతుక్కునే నెపంతో బల్ల కిందికి దూరాడు.

పిచ్చుక తాడు కోసం చెయ్యి చాపి నిలబడింది. లాక్కోలేదు. దాని పాదాల మీద కుక్క మెడెత్తి నన్ను చూస్తోంది.

నేను నోరు తెరిచాను. ముగ్గురూ నా నోటివంకే చూస్తున్నారు. ఏ మాట వస్తుందో వాళ్ళకి తెలుసు. నాకూ తెలుసు. అది నాలుక చివరిదాకా వచ్చి కూచుంది కూడా.

"ఎన్నింటికి?" అన్నాను.

"ఆరింటికి," అంది పిచ్చుక. చాపిన చెయ్యి దించలేదు.

నేనింకా తాడు వదల్లేదు.